చుట్టుకొలత చేసిన మోసము

మన బాలబాలికల లెక్కల పుస్తకములలో ఇట్టి ప్రశ్న యొకటి తఱచుగా కానవచ్చును: ఒక సమాంతర చతుర్భుజమునందు ఆసన్నభుజములు 5:3 నిష్పత్తిలో నున్నవి, చిన్న భుజము 24 గజములు, చుట్టుకొలత యెంత? లెక్క మిక్కిలి సులభము. ఎదురెదురు భుజములు సమానములు గనుక పెద్ద భుజములు రెండింటికిని ఐదేసి పాళ్లు, చిన్నవి రెండింటికిని మూడేసి పాళ్లు, వెరసి పదునాఱు పాళ్లు. మూడు పాళ్లు 24 గజములైనచో ఒక పాలు 8 గజములు. పదునాఱు పాళ్లు 128 గజములు. పెద్ద భుజము 40 గజములు. ఇంతటితో పిల్లవాడు పలక తుడిచివేసి ఆటకు పరుగెత్తును. వానిని మేము తప్పు పట్టము. కాని యా తుడిచివేసిన పలకవెనుక రెండువేల యేండ్లకు మించిన కథ యొకటి యున్నది. దానిని చదువరులకు నివేదింపవలెనని మా కోరిక.

ముందుగా ఒక్క సంగతి గమనింపవలెను. పై లెక్కలో మూలయొక్క కోణమెంతయని యెవరును అడుగలేదు. అడుగనక్కఱయు లేదు. ఆ పటము నిటారుగ నిలిచి దీర్ఘ చతురస్రమైనను, ఒక ప్రక్కకు ఒరిగి కూలిన పాకవలె నున్నను, చుట్టుకొలత 128 గజములే. నాలుగు వెదురు బద్దలను మూలలయందు త్రాటితో కట్టి, ఒక మూలను పట్టి నొక్కి చూడుడు. బద్దలు పొడవు తగ్గవు. నడుమనున్న చోటు మాత్రము క్షణక్షణమునకు సన్నగిలును. మన పటము నిటారుగ నున్నప్పుడు దానిలోపలి వైశాల్యము 40 × 24, అనగా 960 చదరపు గజములు. ఇరువది సెంట్లకు ఎనిమిది చదరపు గజములు తక్కువ. దానిని ఎత్తు 12 గజములగు వఱకు ఒరగించినచో వైశాల్యము 480. పది సెంట్లయినను నిండలేదు. కంచెలో ఒక్క ముల్లయినను తగ్గలేదు, పొలములో సగము పోయినది! ఇంకను నొక్కినచో రెండు బద్దలును రెండు బద్దలమీద పండుకొనును. అప్పుడు 128 గజముల కంచెలోపల ఒక గడ్డిపరకకైనను చోటుండదు.

నిష్పత్తియు, ఒక భుజమును తెలిసినచో చుట్టుకొలత తెలియును; వైశాల్యము తెలియదు. ఈ చిన్న భేదమును మఱచిన వారిలో పల్లెటూరి కాపులే గాక, గొప్ప చరిత్రకారులును ఉన్నారు.

గ్రీకుదేశమున క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూక్లిడు తన రేఖాగణితమును కూర్చెను. దాని మొదటి భాగమున 34వ సిద్ధాంతము సమాంతర చతుర్భుజములో ఎదురెదురు భుజములును, ఎదురెదురు కోణములును సమానములని చెప్పుచున్నది. మన పాఠశాల లెక్కకు ఆధారము ఇదియే. దాని వెంటనే వచ్చు 35వ సిద్ధాంతము మఱింత విచిత్రమైనది. ఒకే పీఠముమీద, ఒకే జత సమాంతరరేఖల నడుమ నిలిచిన సమాంతర చతుర్భుజములన్నియు వైశాల్యమున సమానములు. అంకెలతో చెప్పుదము. పీఠము 40 గజములు, ఎత్తు 24 గజములు. నిటారుగ నున్నప్పుడు ప్రక్కభుజము 24, చుట్టుకొలత 128. పై అంచును 10 గజములు జరిపినచో ప్రక్కభుజము 26, చుట్టుకొలత 132. 18 గజములు జరిపినచో ప్రక్కభుజము 30, చుట్టుకొలత 140. 32 గజములు జరిపినచో ప్రక్కభుజము 40, చుట్టుకొలత 160. 45 గజములు జరిపినచో ప్రక్కభుజము 51, చుట్టుకొలత 182. భుజముల నిష్పత్తి 5:3 నుండి 20:13కును, 4:3కును, 1:1కును మాఱుచు, తుదకు తలక్రిందయినది. చుట్టుకొలత పెరుగుచునే యున్నది. వైశాల్యము మాత్రము 960 నుండి కదలలేదు. జరుపుటకు అంతము లేదు గనుక పెరుగుటకును అంతము లేదు.

ఏథెన్సునందు క్రీస్తుశకము ఐదవ శతాబ్దమున ఉపాధ్యాయుడుగా నుండిన ప్రోక్లసు యూక్లిడు మొదటి భాగమునకు వ్యాఖ్య వ్రాసెను. ఈ సిద్ధాంతము వచ్చిన చోట ఆయన ఆగి, ఇది సామాన్యులకు నమ్మశక్యము గాని విషయమనియు, చుట్టుకొలతను బట్టియే లోపలి చోటును ఊహించుట లోకుల యలవాటనియు చెప్పెను. అంతటితో నిలువక, ఈ యజ్ఞానమును వాడుకొన్న మనుష్యుల మాటయు చెప్పెను. ఉమ్మడిగా భూములు పంచుకొనునప్పుడు కొందఱు, తోడి భాగస్థులకు చుట్టుకొలత ఎక్కువగను, వైశాల్యము తక్కువగను ఉన్న చెక్కలనిచ్చి, చుట్టుకొలత తక్కువైన పెద్ద చెక్కలను తాము తీసికొనెడివారట. పంట వారికెక్కువ, పైగా, తాము తక్కువ తీసికొని పరులకు ఎక్కువ యిచ్చిన ధర్మాత్ములని పేరును వారికే! వట్టి దొంగతనములో దొంగకు పేరు చెడును. ఈ దొంగతనములో పేరు పెరిగినది. గణితగ్రంథములలో ఇంతకంటె చేదైన వాక్యమును మేము చదువలేదు.

చరిత్రకారులు పడిన పొరపాటు వేఱు తెఱగుది. థ్యుసిడైడీసు తన యుద్ధచరిత్రలో, క్రీస్తుపూర్వము 415లో ఏథెన్సువారు దండెత్తిన సిసిలీ ద్వీపము ఎంత పెద్దదో తెలుపుటకై, వర్తకుల యోడ దానిని చుట్టి వచ్చుటకు ఇంచుమించు ఎనిమిది దినములు పట్టునని వ్రాసెను. ద్వీపముయొక్క పరిమాణమును దాని తీరమే చెప్పుననుకొనుట ఆ కాలపు వాడుక. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునకు చెందిన పొలీబియసు ఈ వాడుకను ఎగతాళి చేసెను. మెగలోపొలిసు నగరపు చుట్టుకొలత 50 స్టేడియములు, స్పార్టా నగరపు చుట్టుకొలత 48. ఐనను స్పార్టా రెండింతలు పెద్దదని చెప్పినచో జనులు నమ్మరని ఆయన వ్రాసెను. చిన్ననాడు బడిలో నేర్చిన రేఖాగణితమును పెద్దవారమై మఱచుటయే దీనికి కారణమని కూడ ఆయన చెప్పెను. మెగలోపొలిసు పొలీబియసు జన్మస్థానము. సొంత ఊరే చిన్నదని చెప్పుటకు లెక్క అడ్డురాలేదు. ఈ గుణము మన స్థలపురాణకర్తలలో అరుదు.

రోమునందు మొదటి శతాబ్దమున వక్తృత్వమును బోధించిన క్వింటిలియను, వాదించువానికి రేఖాగణితమేల యని అడుగువారికి సమాధానముగా ఇదే విషయమును ఎత్తుకొనెను. హద్దులనుగుఱించియు, కొలతలనుగుఱించియు వ్యాజ్యములు వచ్చుచునే యుండును గదా యని ఆయన మాట. రోమకుల యూగెరము 240 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు గల భూమి. దాని చుట్టుకొలత 720 అడుగులు, వైశాల్యము 28,800 చదరపు టడుగులు. ప్రక్కకు 180 అడుగుల చతురస్రమునకును చుట్టుకొలత 720 అడుగులే; వైశాల్యము 32,400. ఇంత పెద్ద లెక్క చేయ విసువైనవారికి ఆయన చిన్నదానిని చూపెను. 40 అడుగుల చుట్టుకొలత తీసికొనుడు. పదేసి యడుగుల ప్రక్కలైన వైశాల్యము 100. పొడవు 15, వెడల్పు 5 అయిన 75. పొడవు 19, వెడల్పు 1 అయిన 19 మాత్రమే. నిష్పత్తి 1:1 నుండి 3:1కి పోయినప్పుడు పాతికవంతు పోయినది. 19:1కి పోయినప్పుడు ఐదింట నాలుగువంతులకు మించి పోయినది. ఇందు కోణమైనను వంగలేదు. కావున చుట్టుకొలతను నమ్మినవాడు రెండు విధముల మోసపోవచ్చును: భుజముల నిష్పత్తివలన ఒకటి, కోణపు వంపువలన రెండవది.

ఐగుప్తుదేశములో ఎడ్ఫూ అను చోట హోరసుదేవుని గుడి కలదు. అందు టాలమీరాజుల కాలపు శాసనములలో దేవునికిచ్చిన మాన్యములు లెక్కింపబడియున్నవి. ఎదురెదురు భుజములను కూడి సగించి, ఆ రెండు సగములను గుణించి, అదియే వైశాల్యమనిరి. దీర్ఘ చతురస్రమునకు ఈ సూత్రము సరిపోవును. మఱి యే చతుర్భుజమునకైనను ఇది ఉన్నదానికంటె ఎక్కువయే చూపును, తక్కువ యెన్నడును చూపదు. మన 5:3 పటమును ఈ సూత్రమునకు అప్పగించినచో, అది ఎంత ఒరిగినను 960 అనియే జవాబు వచ్చును. పన్ను ఇట్టి లెక్కమీద వేసినచో రైతు లేని నేలకు పన్ను కట్టును.

ఇక మన దేశమునకు వత్తము. శుల్బసూత్రములు యజ్ఞవేదికలను కొలుచు శాస్త్రము. తెలుగునాట ఆపస్తంబసూత్రులు పెక్కండ్రు. ఆపస్తంబ శుల్బసూత్రమున ఏమున్నదో ఎఱిగినవారు అంత పెక్కండ్రు లేరు. సోమయాగపు మహావేది ఒక సమలంబ చతుర్భుజము: తూర్పున 24, పడమట 30, నిడివి 36 పదములు. దాని వైశాల్యము 972 అని చెప్పి ఊరకుండక, ఒక ప్రక్కనున్న వాలు ముక్కను కోసి, త్రిప్పి రెండవ ప్రక్క అతికించినచో 27 × 36 గల దీర్ఘ చతురస్రమగునని ఆపస్తంబుడు యుక్తి చూపెను. సమాంతర చతుర్భుజమును దీర్ఘ చతురస్రముగ మార్చు యుక్తియు ఇట్టిదే. కత్తెరతో కాగితము కోసి యే పిల్లయైనను చేయగలదు. వేదిని కొలిచిన చేతులకు భుజములను గుణించి తృప్తిపడు దురలవాటు లేదన్నమాట.

628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు, ఎడ్ఫూ సూత్రమువంటి దానిని చెప్పి, అది స్థూలఫలమని పేరు పెట్టెను. పిదప సూక్ష్మఫలమునకు వేఱొక సూత్రము చెప్పెను: నాలుగు భుజములను కూడి సగించి, ఆ సగమునుండి ఒక్కొక్క భుజమును తీసివేసి, శేషములు నాలుగింటిని గుణించి మూలము తీయవలెను. వృత్తములో ఇముడు చతుర్భుజమునకు ఇది అక్షరాల సత్యము. ప్రపంచ గణితమున బ్రహ్మగుప్తునికి శాశ్వతకీర్తిని తెచ్చిన సూత్రమిది. కాని ఒరిగిన సమాంతర చతుర్భుజము వృత్తములో ఇమడదు. దానికి ఈ సూత్రమును వర్తింపజేసినచో మరల భుజముల గుణకారమే వచ్చును. బ్రహ్మగుప్తుడు వృత్తములో ఇముడువానినే యుద్దేశించెనని నేటి గణితచరిత్రకారులలో పెక్కురి యభిప్రాయము. ఆ షరతును ఆయన స్పష్టముగ చెప్పకపోవుటచే, తరువాతివారు ప్రతి చతుర్భుజమునకును దానిని వాడిరి.

ఈ భ్రమను పగులగొట్టినవాడు భాస్కరాచార్యుడు. 1114లో జన్మించి, 1150లో సిద్ధాంతశిరోమణిని ముగించిన యీ మహానుభావుడు, అందలి లీలావతీభాగమున, నాలుగు భుజములును అవియేయైనను కర్ణములు అనేకములు కాగలవనియు, కర్ణము తెలియనిదే వైశాల్యము నిశ్చయింపరాదనియు విశదపఱచెను. కర్ణమునుగాని లంబమునుగాని చెప్పక చతుర్భుజమునకు వైశాల్యమెంతయని అడుగువాడు పిశాచమనియు, జవాబు చెప్పువాడు అంతకంటె పెద్ద పిశాచమనియు ఆయన కోపించెను. శాస్త్రగ్రంథములో ఇంత తిట్టు ఏలయని మొదట మాకును తోచెను. ప్రోక్లసు చెప్పిన భాగస్థులను తలచుకొన్న పిమ్మట, తిట్టు చాలలేదేమోయని తోచినది.

ఆయన చూపిన యుదాహరణము చక్కనిది. నాలుగు భుజములును 25 గల పటము, చుట్టుకొలత 100. అది చతురస్రమైన వైశాల్యము 625. ఒక కర్ణము 30 అయిన రెండవది 40, వైశాల్యము 600. ఒక కర్ణము 14 అయిన రెండవది 48, వైశాల్యము 336. రెండవ కర్ణమును కనుగొనుట కష్టము గాదు. భుజవర్గమును నాలుగింట గుణించి, అందుండి తెలిసిన కర్ణముయొక్క వర్గమును తీసివేసి మూలము తీయుటయే: 2500 నుండి 900 పోగా 1600, మూలము 40. కర్ణములను గుణించి సగించిన వైశాల్యము వచ్చును. ఒకే నూఱు గజముల గట్టు, ఒకే నిష్పత్తి, మూడు విధములైన పంట!

లీలావతి యెవరను ప్రశ్న ఇచ్చట అడ్డు వచ్చును. ఆమె భాస్కరుని కూతురనియు, ఘడియయంత్రములో ముత్యము పడి ముహూర్తము తప్పిపోగా, తండ్రి యామెను ఓదార్చుటకై యీ గ్రంథమును వ్రాసెననియు మనము వినుచున్నాము. భాస్కరుని గ్రంథములో ఈ కథ లేదు. 1587లో ఫైజీ చేసిన పారసీక భాషాంతరీకరణపు పీఠికవలన ఇది వ్యాపించినది. కథ యెట్లున్నను, ఆ గ్రంథములోని ప్రశ్నలు బాలా యనియు, లేడికన్నులదానా యనియు ఆడుపిల్లను పిలిచి అడుగబడినవనుట యథార్థము. ఆ గ్రంథమును శతాబ్దములతరబడి వల్లించిన యిండ్లలోనే ఆడుపిల్లకు లెక్కలేలయను మాట వినవచ్చెననుటయు యథార్థమే.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది గాదు. రాష్ట్రకూటరాజగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. చుట్టుకొలతలు సమానమై వైశాల్యము ఒకటి రెండవదానికి రెట్టింపైన దీర్ఘ చతురస్రములను కనుగొనుడనియు, వైశాల్యములు సమానమై చుట్టుకొలత ఒకటి రెండవదానికి రెట్టింపైనవానిని కనుగొనుడనియు అందు ప్రశ్నలున్నవి. పొలీబియసు నమ్మరని వాపోయిన విషయమును మహావీరుడు అభ్యాసముగా నిచ్చెను. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన యీ గ్రంథమునే తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మన భాషలో కావ్యములు తల యెత్తుచున్న నాళ్లలోనే గణితమును పద్యమెక్కినది. సాహిత్యచరిత్ర చదువు మన విద్యార్థులు మల్లన పేరును పరీక్షకై కంఠస్థము చేయుదురు. ఆయన లెక్కను ఒక్కటి చేసి చూచినవారిని మేము కొద్దిమందినే యెఱుగుదుము.

గొలుసు సర్వే నాళ్లలో మన గ్రామములకు వచ్చిన సర్వేదారులు భాస్కరుని పేరు విన్నను వినకున్నను, ఆయన యాజ్ఞనే పాలించిరి. గంటరు 1620లో ఏర్పఱచిన 66 అడుగుల గొలుసుతో పొలముయొక్క గట్లను మాత్రమే కొలిచి వారు పోలేదు. పొలమునకు అడ్డముగా మూలనుండి మూలకు గొలుసు పఱచి, దానినుండి గట్ల మలుపులకు లంబములు కొలిచి, పొలమును త్రిభుజములుగా విభజించిరి. భుజములు మూడును తెలిసినచో త్రిభుజము వంగదు, చతుర్భుజము వంగును. సర్వేదారుని విద్య యంతయు ఈ వాక్యమునందున్నది.

కాని యిండ్లలో జరుగు పంపకములకు సర్వేదారుడు ఎల్లప్పుడును రాడు. గట్టు వెంబడి అడుగులు వేసి కొలుచుటయే మన పెద్దల వాడుక. ఆస్తిలో కూతునకు పాలు లేనంతకాలము ఆమెకు ఈ లెక్కతో పని లేదని సరిపెట్టుకొనిరి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆమెకు కొంత హక్కునిచ్చినది. ఉమ్మడి యాస్తిలో కొడుకుతో సమానమైన హక్కును, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ యిచ్చినది. 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణ వివాహితలకును ఆ హక్కును కలిగించినది. హక్కు కాగితముమీదికి వచ్చినది. కాగితముమీద నాలుగు ప్రక్కల కొలతలు వ్రాయుదురు. కర్ణము వ్రాయుట అరుదు.

ఒక యుదాహరణము చూపి విరమింతుము. అన్నయు చెల్లెలును రెండు చెక్కలు పంచుకొనుచున్నారనుకొందము. మొదటిది 40 గజముల పొడవు, 30 గజముల వెడల్పు గల దీర్ఘ చతురస్రము. నిష్పత్తి 4:3, చుట్టుకొలత 140 గజములు. రెండవది నాలుగు ప్రక్కలును 40 గజములై, కాలువ వెంబడి ఒరిగియున్నది. నిష్పత్తి 1:1, చుట్టుకొలత 160 గజములు. ఇరువది గజముల గట్టు ఎక్కువగా నున్న చెక్కను నీకే యిచ్చుచున్నానని అన్న యనును. ఊరివారు మెచ్చుకొందురు. చెల్లెలు రెండు చెక్కలకును మూలనుండి మూలకు టేపు పట్టించెననుకొందము. మొదటి చెక్కలో రెండు కర్ణములును 50 గజములే; కనుక అది నిటారైనది, వైశాల్యము 1,200 చదరపు గజములు. రెండవ చెక్కలో ఒక కర్ణము 76 గజములకు కొంచెము తక్కువ, రెండవది 25 గజములకు కొంచెము ఎక్కువ. గుణించి సగించినచో 960 చదరపు గజములు. ఇంచుమించు ఐదు సెంట్ల నేల తేడా వచ్చినది. టేపు పట్టుటకు ఇద్దఱు మనుష్యులును, పావుగంట కాలమును చాలును.